వీసాకు పారాణి

ఖర్జూరపు దేశం ఒకటుంది. పేరు చెప్పను. రేపెప్పుడైనా నేను అటు వెళ్లాల్సివస్తే వీసా ఆపేస్తారని భయం. ఎనభై దాటినవాడివి, నువ్వెందుకు వెళ్తావయ్యా అంటారా? వెళ్లను. అయినా జాగ్రత్తపడడంలో తప్పులేదు. ఈ కథంతా జాగ్రత్తపడడం గురించే.

ఆ దేశానికి వెళ్లేవాళ్ల కోసం మన పట్నంలో ఒక వీసా కేంద్రం తెరిచారు. నాలుగంతస్తుల మేడ, అద్దాల తలుపులు, ఆ తలుపుల దగ్గర చెప్పులు విడవాలో వద్దో తెలియక నిలబడిపోయే మావంటి జనం. ఆ దేశం వాళ్లెవరూ లోపల కనబడరు. అందరూ మనవాళ్లే. అందువల్ల అక్కడి పద్ధతులు మనకేమీ కొత్తగా అనిపించవు.

చాలాకాలం వీసా అంటే ఒక కాగితం, దానిమీద ఒక ముద్ర. అంతటితోనే జనం వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు. ఈ సుఖాన్ని చెడగొట్టినవాడు మా పక్కూరి సింహాద్రి. వాడు శుభలేఖలు అచ్చువేస్తాడు. ఒక ఏడాది ఆషాఢం వెనకాలే మూఢం కూడా వచ్చిపడి, పెళ్లిళ్లు లేక ప్రెస్సు ఖాళీగా ఉంటే, చేతులు ఊరుకోక ఒక వీసా అచ్చువేసి చూశాడు. శుభలేఖ మీద వినాయకుడికి వేసే బంగారు రంగే దాని ముద్రకీ వేశాడు. అది విమానాశ్రయంలో పట్టుబడింది. ఎందుకంటే అసలు వీసాలో ముద్ర కాస్త వంకరగా ఉంటుంది. సింహాద్రికి వంకర పని నచ్చదు. సరిచేశాడు.

దాంతో కేంద్రంలో పత్ర భద్రతా విభాగం వెలిసింది. దానికి అధికారి పురుషోత్తమరావు గారు. ఆయన గొంతు సవరించుకుంటే ఎదుటివాళ్లు కూర్చోడానికి చోటు వెతుక్కునేవారు. చేరిన రోజునే సిబ్బందిని పోగేసి ఇలా సెలవిచ్చారట.

"పత్రమనునది దేశమునకు ద్వారము. ద్వారమును పటిష్ఠపరచుట మన తక్షణ కర్తవ్యము. ఇకపై నకలు చేయుటకు వీలుపడని పత్రమును రూపొందించెదము."

మొదట మెరిసే బిళ్ల అంటించారు. సింహాద్రి అప్పటికే బారసాల కార్డులకి అంతకన్నా పెద్దది అంటిస్తున్నాడు. తరువాత కంటికి కనబడని గీతలు వేయించారు. ఈ ఏర్పాటుకి దొంగ వీసాల వాళ్లు చాలా సంతోషించారు, కనబడని గీతలు వెయ్యకపోయినా కనబడవు కనుక. నీలిదీపం కింద పెడితే కనబడతాయని విభాగం అంది. కరెంటు పోయినప్పుడు నీలిదీపం వెలగదని సిబ్బంది అన్నారు. జనరేటరు కొన్నారు. జనరేటరు పొగకి వీసాలు నల్లబడ్డాయి. దొంగ వీసాలు తెల్లగా ఉండడం వల్ల కొంతకాలం పట్టుకోవడం సులువైంది. ఆ తరువాత సింహాద్రి కూడా పొగ పెట్టాడు.

అప్పుడు పురుషోత్తమరావు గారు రహస్య లక్షణం ప్రవేశపెట్టారు. అదేమిటో నిర్ణయించడానికి ఒక సంఘం వేశారు. రహస్యం బయటకి పొక్కకుండా సభ్యులు ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముక్కే తెలిసేలా ఏర్పాటు చేశారు. పని అయిపోగానే సంఘాన్ని రద్దుచేసి, సభ్యులని తలో మూలకి బదిలీ చేశారు. దాంతో ప్రతి వీసాలోనూ ఒక రహస్య లక్షణం ఉంది, అది ఏమిటో లోకంలో ఏ ఒక్కడికీ తెలియదు.

"దీనినే పరిపూర్ణ గోప్యత అందురు," అన్నారు పురుషోత్తమరావు గారు.

ఈ గోప్యత పరిపూర్ణమైన రోజుల్లోనే మా నూకరాజుకి వీసా వచ్చింది.

నూకరాజు మా వూళ్లో దింపు తీసేవాడు. కొబ్బరిచెట్టెక్కి గెలలు కోసి దించడాన్ని మా కోనసీమలో దింపు అంటారు. కాళ్లకి తాడు బందం వేసుకున్నాడంటే వాడికి నేలా చెట్టూ ఒకటే. నేను చూసిందే చెబుతున్నాను. ఒక గాలివానలో నిండు గెలలతో ఉన్న చెట్టు కూలిపోతుంటే, అది నేలని తాకేలోగా ఎక్కి, కాయలన్నీ కోసి, అటువైపునుంచి దిగి వచ్చాడు. నమ్మనివాళ్లు మా వూరు వస్తే ఆ చెట్టు మొదలు చూపిస్తాను.

ఇంత పనిమంతుడిదీ తాటాకిల్లే. వాడి భార్య లోవలక్ష్మికి బట్టల కొట్టువాళ్ల లక్కీ డ్రాలో ఒక సీలింగు ఫ్యాను వచ్చింది. తాటాకు కప్పుకి దాన్ని వేలాడదీస్తే ఫ్యాను నిలబడిపోయి ఇల్లు తిరుగుతుందని భయపడి, పెట్టెలోంచి తీయకుండా మంచం కింద పెట్టుకుంది. రోజూ ఊడ్చేటప్పుడు ఆ పెట్టె బయటకి లాగి, దుమ్ము తుడిచి, మళ్లీ లోపలికి తోసేది. ఆ ఫ్యాను తిరగాలంటే ఇంటికి శ్లాబు పడాలి. శ్లాబు పడాలంటే నూకరాజు ఖర్జూరపు దేశం వెళ్లాలి.

అక్కడ హంజా గారని ఒక పెద్దమనిషికి తోట ఉంది. ఆయన దగ్గర కారు నడిపే మా వూరి కుర్రాడు, నూకరాజు చెట్టెక్కడం ఫోనులో చూపించాడు. ఆయన చూసి, "ఇతనే కావాలి. కాయ రంగు తిరిగేలోగా రమ్మను. రంగు తిరిగాక వస్తే ఇక నాకు పనిలేదు," అని కబురుపెట్టారు.

వీసా చేతికి రాగానే లోవలక్ష్మి, ఇంటికి కొత్త కాగితం ఏది వచ్చినా చేసే పనే చేసింది. నాలుగు మూలలా పసుపు రాసి, ముత్యాలమ్మ గుడికి తీసుకెళ్లి, ఒక పూట అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి తెచ్చింది. తెచ్చి నాకు చూపించింది.

"తాతా, ఇదేటిది? నేను పసుపెట్టానా, ఎర్రగా అయిపోయింది!"

"కాగితం తెల్లగా ఉండడానికి సున్నం పూసుంటారే పిచ్చిదానా. పసుపూ సున్నమూ కలిస్తే పారాణేగా."

"అయితే మా ఆయన ఈసా పెళ్లికూతురైపోయింది," అని నవ్వుకుంటూ వెళ్లింది.

విమానం ఎక్కేముందు వీసాని మరోసారి కేంద్రంలో చూపించి రుజువు చేయించుకోవాలని కొత్త నిబంధన. కాగితాలు చదివిపెట్టడానికి మొగుడూ పెళ్లాం నన్ను తోడు తీసుకెళ్లారు. కౌంటరు దగ్గర హైమావతి అనే అమ్మాయి వీసా తిప్పిచూసి లోపలికి పంపింది. లోపల పురుషోత్తమరావు గారు దాన్ని భూతద్దంతో చూశారు. తరువాత మమ్మల్ని చూశారు.

"పత్రముపై అనధికార వర్ణద్రవ్యము కనబడుచున్నది."

"పసుపండి, బాబుగారూ," అంది లోవలక్ష్మి.

"పసుపు పచ్చగా ఉండవలెను. ఇది ఎర్రగా ఉన్నది."

"నేనెట్టింది పచ్చగానే ఉందండి. మీ కాగితమే దాన్నలా చేసింది."

"పత్రము తనంతట తాను ఏ పనియు చేయదు. ఇది మీ స్వాధీనము నుండి అన్యుల స్వాధీనములోనికి వెళ్లినదా?"

"ఎల్లిందండి. అమ్మోరి కాడ ఒక పూటుంది."

"సదరు వ్యక్తి సంతకము ఏది?"

లోవలక్ష్మి నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

"అమ్మోరు సంతకాలెట్టదండి," అంది చివరికి. "ఎవరికీ ఎట్టలేదండి, ఆయ్."

పురుషోత్తమరావు గారు వీసాని ఒక కవరులో పెట్టి లక్క సీలు వేశారు. పరీక్షకి పంపాలన్నారు. నూకరాజు చేతులు కట్టుకుని ముందుకి వచ్చాడు.

"బాబుగారూ, అక్కడ కాయ రంగు తిరిగిపోద్దండి."

"కాయ రంగు తిరుగుట తోటకు సంబంధించిన సమస్య. పసుపు రంగు తిరుగుట విభాగమునకు సంబంధించిన సమస్య. దేని సమస్య దానిది."

పరీక్ష కోసం, రుజువుకని జనం తెచ్చిన అసలు వీసాల కట్ట ఒకటి, పట్టుబడ్డ దొంగ వీసాల కట్ట ఒకటి బల్లమీద పక్కపక్కన పెట్టారు. బల్ల తుడిచే మనిషి రెండూ ఎత్తి, తుడిచి, శుభ్రంగా ఒకే కట్టగా సర్దిపెట్టాడు. ఇక వాటిని విడదీయడానికి విభాగమంతా కూర్చుంది. నీలిదీపం కింద అన్నీ మెరిశాయి. సింహాద్రివి కాస్త ఎక్కువ మెరిశాయి. రహస్య లక్షణం చూద్దామంటే దేన్ని చూడాలో ఎవరికీ తెలియదు. చివరికి నంబర్లు పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూస్తుంటే హైమావతి అంది:

"సార్, మూలలు ఎర్రగా ఉన్నవన్నీ అసలువే. దొంగవాటిల్లో ఒక్కదానికీ ఎరుపు లేదు."

అందులో వింతేముంది? దొంగ వీసా కొన్నవాడికి అది దొంగదని తెలుసు. దాన్ని పట్టుకెళ్లి అమ్మవారి ముందు పెట్టే గుండె ఎవరికుంది?

పురుషోత్తమరావు గారికి మాత్రం ఇది విభాగం పరిశోధనా ఫలితంగా తోచింది. వారంలో సర్క్యులరు వచ్చింది. పసుపు అంటే చిన్నతనంగా ఉంటుందని దానికి హరిద్రా ముద్ర అని పేరుపెట్టారు. హరిద్రా ముద్ర లేని పత్రము చెల్లదు, హరిద్రా ముద్ర రక్తవర్ణమునకు మారని పత్రము అసలే చెల్లదు.

మస్తాను అనే డ్రైవరూ, ఏసుదాసు అనే వంటమనిషీ తమ వీసాలు పట్టుకుని వచ్చారు.

"మేం దర్గాలో దువా చేయించుకున్నావండి," అన్నాడు మస్తాను. "మాకు పసుపు పెట్టే అలవాటు లేదు."

"నాదానికి మా పాస్టరుగారు ప్రార్థన చేశారండి," అన్నాడు ఏసుదాసు.

పురుషోత్తమరావు గారు ఆలోచించారు. "ప్రార్థన కంటికి కనబడదు. కనుక అది అదృశ్య లక్షణముల కోవలోనికి వచ్చును. అదృశ్య లక్షణములు మనకు ఇదివరకే సమృద్ధిగా ఉన్నవి. కావున మతభేదము లేక అందరికీ పసుపే."

"సరే, మా ఇంట్లో పప్పులోకి వాడేది తెమ్మంటారా?" అన్నాడు మస్తాను.

ఈ మాటతో ఆయనకి మరో ఆలోచన వచ్చింది. ఇంటింటి పసుపూ ఒకేలా ఉండదు. ఏకరూపత లేదు. ఏకరూపత లేనిచోట భద్రత లేదు. అందుచేత ఇకమీద పసుపు విభాగమే రాస్తుంది. టెండరు పిలిచారు. అందరికన్నా తక్కువకి కోట్ చేసినవాడు బస్తాలకొద్దీ పసుపు దింపాడు. అందులో తవుడుంది, రంగుంది, బస్తా మీద పసుపుకొమ్ము బొమ్మ కూడా ఉంది. పసుపు మాత్రం లేదు.

నూకరాజు వీసా పరీక్ష నుంచి తిరిగి వచ్చింది. దానిమీద లోవలక్ష్మి రాసింది అనధికార పసుపు గనక ముందు దాన్ని దూదితో తుడిచేశారు. తరువాత అధికారిక పసుపు రాశారు. అది పచ్చగానే ఉండిపోయింది. ఆ రోజు రాసిన ఏ వీసా మీదా అది ఎర్రబడలేదు. అన్నీ చెల్లవని పక్కన పెట్టేశారు.

అక్కడ సింహాద్రి కిళ్లీ కొట్టు నుంచి మంచి సున్నం తెచ్చి కాగితాలకి పూసి, వాళ్లావిడ రోట్లో దంచిన కొమ్ముల పసుపు రాశాడు. అవి మందారాల్లా ఎర్రబడ్డాయి. అన్నీ చెల్లాయి.

"బాబుగారూ," అన్నాడు నూకరాజు. "నాది అసలుదని మీకు తెలుసు కదండి. మీరిచ్చిందే."

"మేమిచ్చినట్లు మాకు తెలియును. కాని ఆ సంగతి పత్రము చెప్పవలెను గాని మేము చెప్పరాదు."

"మరి దాన్ని చెప్పనియ్యండి! మా ఆవిడెట్టిన పసుపు తుడిసేసి నోరు నొక్కేశారు గదండి!"

పురుషోత్తమరావు గారు ఈ మాట పట్టించుకోలేదు. అప్పటికే ఆయన కళ్లు మూసుకుని దీర్ఘంగా ఆలోచిస్తున్నారు. ఆ ఆలోచన రెండు వారాలు సాగింది. ఈలోగా హంజా గారి దగ్గరనుంచి కాయ పసుపుబారుతోందని ఒకసారి, ఎరుపు తిరుగుతోందని ఒకసారి ఫోను వచ్చింది.

చివరికి ఆయన కళ్లు తెరిచి సిబ్బందితో అన్న మాటలు హైమావతి నాకు పొల్లుపోకుండా చెప్పింది.

"దొంగలు దేనిని చూచి నకలు చేయుచున్నారు? అసలును చూచి. అసలు బయట లేనిచో నకలుకు ఆధారమే లేదు. మరి దుర్వినియోగము ఎచ్చటనుండి పుట్టుచున్నది? వినియోగము నుండి. వినియోగమును అరికట్టినచో దుర్వినియోగము మూలచ్ఛేదమగును."

ఆ రోజునుంచి అసలు వీసాలన్నిటినీ నాలుగో అంతస్తులో ఉక్కు బీరువాల్లో పెట్టేశారు. ఎవరి చేతికీ ఇవ్వరు. కావలసినవాళ్లు బుధవారాలు వెళ్లి అద్దంలోంచి తమ వీసా చూసుకోవచ్చు. మేమూ వెళ్లాం. హైమావతి నూకరాజు వీసా తీసి అద్దం అవతల నిలబెట్టింది.

"సంతృప్తికరముగా ఉన్నదా?" అన్నారు పురుషోత్తమరావు గారు.

"దానికేం బాబుగారూ, బెమ్మాండంగా ఉంది," అన్నాడు నూకరాజు. "నన్నెలాగూ పంపరు. పోనీ దాన్నయినా పంపండి. ఎల్లి కర్జూరాలు అదే కోసుకొత్తది."

వీసాలు ఇంత భద్రంగా ఉండడంతో ఆ దేశానికి పనివాళ్లు వెళ్లడం ఆగిపోయింది. కారణం తెలుసుకోవడానికి హంజా గారే స్వయంగా బయలుదేరి వచ్చారు. ఆయన తెలుగు మా వైపు డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నది. కేంద్రంలో అడుగుపెడుతూనే, "ఆయ్, నమస్కారవండి. మా నూకరాజుని పంపుతారేటండి?" అన్నారు.

"తమ పత్రములు?" అన్నారు పురుషోత్తమరావు గారు.

హంజా గారు తన పాస్‌పోర్టూ, మన దేశానికి రావడానికి తెచ్చుకున్న వీసా తీసి ఇచ్చారు. పురుషోత్తమరావు గారు వాటిని పరీక్షగా చూసి, అసలైనవే అని నిర్ధారణ చేసుకుని, నాలుగో అంతస్తుకి పంపేశారు.

"అదేటండి! ఈ కేంద్రం మా దేశానిదే కదండి!"

"కనుకనే తమ విషయమున మరింత జాగ్రత్త వహించుచున్నాము. బుధవారము దయచేయుడు."

కాగితాలు లేనివాడికి పట్నంలో ఏ హోటలూ గది ఇవ్వదు. హంజా గారు నూకరాజు ఇంటికే వచ్చారు. లోవలక్ష్మి ఆయనకి మంచం వేసి, తాటాకు విసనకర్ర చేతికిచ్చింది. ఎడారి ఎండ తట్టుకున్న మనిషి మా కోనసీమ ఉక్కపోతకి మాత్రం తట్టుకోలేకపోయారు. మధ్యాహ్నం మంచం మీద దొర్లుతూ దొర్లుతూ కింద ఉన్న పెట్టె చూశారు.

"ఇదేటమ్మా?"

"ఫ్యానండి."

"మరి తిరగదేం?"

"శ్లాబు లేదండి."

"శ్లాబు ఎందుకు లేదు?"

"ఈయన మీ తోటకి రాలేదు కదండి."

"ఎందుకు రాలేదు?"

"ఈసా బద్రంగా ఉందండి."

హంజా గారు చాలాసేపు విసురుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఊళ్లోకి వెళ్లి తాపీమేస్త్రీని వెంటబెట్టుకొచ్చారు. తాను ఎన్ని బుధవారాలు ఈ ఇంట్లో ఉండాలో తెలియదనీ, ఉన్నన్నాళ్లూ గాలి లేకుండా ఉండలేననీ మాకు చెప్పారు. తాటాకు దించారు, గోడలు లేపారు, శ్లాబు పోశారు. శ్లాబు ఆరేదాకా అందరూ మా అరుగుమీదే పడుకున్నారు. ఆరాక, శ్లాబుకి బిగించిన కొక్కేనికి నూకరాజు నిచ్చెన అడక్కుండా ఫ్యాను తగిలించాడు. లోవలక్ష్మి దాని మూడు రెక్కలకీ పసుపు రాసి స్విచ్చి వేసింది. పసుపు గోడలనిండా చిమ్మింది.

ఈలోగా అవతల ఖర్జూరాలు రంగు తిరిగాయి, పండాయి, రాలాయి. మిగిలినవైనా చూసుకోవాలని హంజా గారు ప్రతి బుధవారం కేంద్రానికి వెళ్లి తన పాస్‌పోర్టు చూసి వచ్చేవారు. అది రోజురోజుకీ మరింత భద్రంగా ఉంది. చివరికి సింహాద్రే ఇంటికి వచ్చాడు.

"మూఢం ఎల్లిపోయిందండి, శుభలేఖల పని మీదున్నాను. అయినా తవరి అవస్థ చూడలేక పాసుపోర్టొకటీ ఈసా ఒకటీ ఏసుకొచ్చాను," అన్నాడు.

హంజా గారు వాటిని తీసుకుని లోవలక్ష్మి ముందు పెట్టారు. "అమ్మా, నీ చేత్తో పసుపెట్టు."

లోవలక్ష్మి చేతులు వెనక్కి లాక్కుంది. "తప్పు బాబుగారూ. మీరు మంచోరే. ఆ కాగితాలు మంచియి కావు. నా సేత్తో ఎట్టను."

సింహాద్రి తన పసుపు తానే రాసుకున్నాడు. విమానాశ్రయంలో తనిఖీ అధికారి ఆ ఎర్రని మూలలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. ఇంత నికార్సయిన పత్రాలు ఈ మధ్య చూడలేదని అన్నాడట. హంజా గారు వెళ్లిపోయారు. మరుసటి కాపుకైనా తప్పకుండా రమ్మని నూకరాజుకి చెప్పిమరీ వెళ్లారు.

"తాతా, నేనెలా ఎల్లేది?" అని అడిగాడు వాడు. "సింహాద్రి కాగితంతో ఎల్లనా?"

నేను నోరు తెరిచేలోగా లోవలక్ష్మి అందుకుంది. "అమ్మోరి పాదాల కాడెట్టిన కాగితం ఉండగా దొంగదాంతో ఎల్తావా? కాళ్లిరగ్గొడతాను."

అందుకని ఇద్దరూ బుధవారాలు పట్నం వెళ్తూనే ఉన్నారు. మొన్నటి బుధవారం నేనూ వెళ్లాను. హైమావతి వీసా తెచ్చి అద్దం దగ్గర పెట్టి, తల వంచుకుని, "గడువు అయిపోయింది, అన్నయ్యా," అంది.

నూకరాజు అద్దానికి చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. లోపల్నుంచి పురుషోత్తమరావు గారు శాలువా సర్దుకుంటూ వచ్చారు. ఆ ఏడాది ఒక్క అసలు వీసా కూడా దుర్వినియోగం కాలేదని ఆ దేశం వాళ్లు ఆయనకి అంతకు ముందురోజే సన్మానం చేశారు.

"చింతించనవసరము లేదు," అన్నారు నూకరాజుతో. "గడువు తీరిన పత్రమును ఏ దొంగయు నకలు చేయడు. మీ పత్రము భద్రతలో తుది మెట్టుకు చేరినది. అభినందనలు."

ఇంటికి వచ్చి నూకరాజు చాపమీద వెల్లకిలా పడుకున్నాడు. లోవలక్ష్మి ఫ్యాను వేసింది. అది తిరుగుతోంది. వాడు దాన్నే చూస్తున్నాడు.

"తాతా," అన్నాడు. "ఈ ఫ్యాను సంగతి ఆ బాబుగారికి చెప్పకు. వాడితే అరిగిపోద్దని నాలుగో అంతస్తుకి పట్టుకుపోతాడు."

చెప్పలేదు. మీరూ చెప్పకండి.